జాతిని బట్టి సిగరెట్ అలవాటు ఎందుకు మారుతుంది? అమెరికా అనుభవంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎవరెవరు ఎంత మేరకు సిగరెట్ కాలుస్తున్నారో అక్కడి ప్రభుత్వం ఏటా సర్వే చేసి జాతులవారీగా అంకెలు విడుదల చేస్తుంది. ఆ పట్టిక చూడగానే చాలామంది "ఫలానావాళ్లంతే, వాళ్ల రక్తంలోనే ఉంది" అని ముద్ర వేసేస్తారు. అక్కడ స్థిరపడ్డ మన కుటుంబాల్లో కూడా ఈ మాట వినిపిస్తూ ఉంటుంది. ఆ ముద్ర వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఎవరి ఆరోగ్యం ఎందుకు పాడవుతోందో తెలియకుండా పోతుంది, పాడు చేసినవాళ్లు తప్పించుకుంటారు. అందుకే ఈ ప్రశ్నలకు కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

అమెరికాలో ఏ జాతివాళ్లు ఎక్కువగా సిగరెట్ కాలుస్తారు?

అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2021 లెక్కల ప్రకారం మొత్తం పెద్దవాళ్లలో 11.5 శాతం మందికి సిగరెట్ అలవాటుంది. నేటివ్ అమెరికన్లలో, అలాస్కా మూలవాసుల్లో అది మిగతా అందరికన్నా ఎక్కువ. తెల్లవాళ్లలో 11.7, నల్లజాతీయుల్లో కూడా 11.7, హిస్పానిక్‌లలో (లాటినోలు అని కూడా అంటారు, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు) 7.7, ఆసియా సంతతివాళ్లలో 5.4 శాతం. 1965లో దేశం మొత్తం మీద ఈ అంకె 42 శాతం ఉండేది. అంటే ప్రతి వర్గంలోనూ బాగా తగ్గింది, కానీ అందరిలో ఒకేలా తగ్గలేదు.

ఇదే సర్వేలో ఇంకో అంకె ఉంది. హైస్కూలు మధ్యలో మానేసి, తర్వాత దానికి సమానమైన జీఈడీ పరీక్ష రాసి గట్టెక్కినవాళ్లలో 30.7 శాతం మంది సిగరెట్ కాలుస్తారు. పీజీ, అంతకుమించి చదివినవాళ్లలో 3.2 శాతమే. జాతుల మధ్య కనిపించే తేడా కన్నా చదువుల మధ్య తేడా ఎంత పెద్దదో చూడండి. జాతి పట్టిక చదివేటప్పుడు ఈ రెండో పట్టికను పక్కన పెట్టుకోకపోతే లెక్క తప్పుతుంది.

తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ శాతం ఒకటే అయితే ఇక తేడా ఏముంది?

శాతం ఒకటే, అలవాటు ఒకటి కాదు. నల్లజాతీయులు సగటున కాస్త పెద్ద వయసులో మొదలుపెడతారు. రోజుకు కాల్చే సిగరెట్లు తక్కువ. మానేయాలని గట్టిగా అనుకునేవాళ్లు, ప్రయత్నించేవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. 2015 సర్వేలో, అంతకుముందు ఏడాదిలో ఒక్కసారైనా మానడానికి ప్రయత్నించినవాళ్లు నల్లజాతి స్మోకర్లలో 63 శాతం, తెల్లవాళ్లలో 53 శాతం. నిజంగా మానగలిగినవాళ్లను చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది: తెల్లవాళ్లలో 7.1 శాతం, నల్లవాళ్లలో 4.9 శాతం.

ఎక్కువమంది ప్రయత్నించి తక్కువమంది గెలుస్తున్నారంటే లోపం పట్టుదలలో ఉందని అనలేం. డాక్టర్ సలహా, నికోటిన్ ప్యాచ్‌లు, మందులు, ఇన్సూరెన్స్ అందరికీ సమానంగా అందవు. దానికి తోడు వాళ్లు కాల్చే సిగరెట్ రకం కూడా వేరు. దాని సంగతి కింద రాశాను.

రోజుకు తక్కువ కాలిస్తే ప్రమాదం కూడా తక్కువే కదా?

ఈ పేజీ చదివేవాళ్లు ఒక్క జవాబే చదువుతామంటే ఇది చదవమంటాను.

హవాయి, లాస్ ఏంజెలెస్ ప్రాంతాల్లో అయిదు జాతుల ప్రజలను, లక్షా ఎనభై వేల మందికి పైగా, ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. రోజుకు పది లోపు, లేదా ఇరవై లోపు సిగరెట్లు కాల్చేవాళ్లను పోల్చి చూస్తే, అదే మోతాదుకు నల్లజాతీయులకూ హవాయి మూలవాసులకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం తెల్లవాళ్ల కన్నా ఎక్కువగా తేలింది. జపాన్ సంతతివాళ్లకు, లాటినోలకు తక్కువగా తేలింది. రోజుకు ముప్పైకి మించి కాల్చేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా చెప్పుకోదగ్గంతగా లేదు.

దీనికి ఒక కారణం సిగరెట్ కాల్చే తీరు. రోజుకు నాలుగే కాల్చే మనిషి ఒక్కో సిగరెట్‌నుంచి ఎంత పొగ లాగుతున్నాడన్నది అంకెల్లో కనపడదు. దమ్ము లోతుగా లాగి, కాసేపు బిగబట్టి, చివరిదాకా కాలిస్తే శరీరానికి అందే నికోటిన్, దానితో పాటు వెళ్లే విషాలు పెరుగుతాయి. నికోటిన్ శరీరంలోకి వెళ్లాక కొటినిన్ అనే పదార్థంగా మారుతుంది. అది రక్తంలో ఎంత ఉందో చూస్తే లోపలికి వెళ్లింది ఎంతో ఒక అంచనా వస్తుంది. అన్నే సిగరెట్లు కాల్చే తెల్లవాళ్లకన్నా నల్లజాతీయుల్లో కొటినిన్ ఎక్కువగా ఉన్నట్టు 1998లోనే పరిశోధనలు తేల్చాయి. ఒక్కో సిగరెట్ నుంచి నికోటిన్ ఎక్కువగా లాగడం, కొటినిన్ శరీరంలోంచి నెమ్మదిగా పోవడం, రెండూ ఇందులో ఉన్నాయి.

కాబట్టి "రోజుకు నాలుగే" అన్న లెక్క చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. ఏ జాతివాళ్లయినా సరే.

ఈ తేడా వల్ల వైద్యంలో ఏమైనా మారిందా?

మారింది, ఆలస్యంగా. పొగతాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేస్తారు. ఎవరికి చేయాలన్న నిబంధన అమెరికాలో 2013లో ఇలా ఉండేది: వయసు 55 నుంచి 80, కాల్చింది కనీసం 30 "ప్యాక్ ఇయర్లు". రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున ఏడాది కాలిస్తే ఒక ప్యాక్ ఇయర్. రోజుకు అర ప్యాకెట్ కాల్చేవాడికి 30 ప్యాక్ ఇయర్లు నిండాలంటే అరవై ఏళ్లు పడుతుంది. తక్కువ కాల్చి, తక్కువ వయసులోనే జబ్బు పడే నల్లజాతీయులు ఈ నిబంధన వల్ల స్కానింగ్ గడప కూడా తొక్కలేకపోయారు. దక్షిణాది రాష్ట్రాల్లో జరిగిన ఒక అధ్యయనం 2019లో ఈ సంగతిని బయటపెట్టింది. 2021లో నిబంధన మారింది: వయసు 50 నుంచి 80, ప్యాక్ ఇయర్లు 20, ఇప్పటికీ కాలుస్తూ ఉండాలి, లేదా మానేసి 15 ఏళ్లు దాటి ఉండకూడదు.

తెల్లవాళ్ల అలవాటునే అందరికీ కొలబద్దగా పెట్టుకుంటే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మెంథాల్ సిగరెట్ అంటే ఏమిటి?

పుదీనా జాతి మొక్కల్లో ఉండే చల్లటి పదార్థం మెంథాల్. మనం దగ్గుబిళ్లల్లో, జండూబామ్‌లో వాడేది అదే. అది తగిలినప్పుడు నిజంగా చల్లబడేదేమీ ఉండదు. చలిని గుర్తించే నాడులను మెంథాల్ తట్టి లేపుతుంది, అంతే. సిగరెట్‌లో కలిపితే గొంతులో మంట, గరగర, దగ్గు తెలియవు. కొత్తగా మొదలుపెట్టేవాడు మొదటి దమ్ముకే దగ్గి పారేయడం అన్నది శరీరం ఇచ్చే హెచ్చరిక. మెంథాల్ ఆ హెచ్చరికను నొక్కేస్తుంది. అందుకే అలవాటు పడటం తేలిక, వదిలించుకోవడం కష్టం.

1920ల్లో ఒహాయోకు చెందిన ఒక యువకుడు దీన్ని కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. 1933లో కూల్, 1956లో సేలమ్, 1957లో న్యూపోర్ట్ బ్రాండ్లు వచ్చాయి. గొంతుకు హాయి, జలుబుకు మంచిది అన్నట్టుగానే మొదట్లో అమ్మారు.

నల్లజాతీయులకు ఆ రుచి ఎందుకు అంతగా నచ్చింది?

నచ్చేలా చేశారు. ఈ ప్రశ్నకు జవాబు రుచి దగ్గర వెతికితే దొరకదు.

1950ల మొదట్లో నల్లజాతి స్మోకర్లలో మెంథాల్ కాల్చేవాళ్లు పది శాతం కూడా లేరు. ఇప్పుడు వాళ్లు దాదాపు 85 శాతం. మూడు నాలుగు తరాల్లో ఒక జాతి నాలుక మారిపోదు. ఆ మధ్యకాలంలో మారింది వ్యాపారం.

1960ల్లో కంపెనీలు మార్కెట్‌ను ముక్కలుగా విడదీసి చూడటం మొదలుపెట్టాయి. దక్షిణాది పల్లెల నుంచి ఉత్తరాది నగరాలకు వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఇరుకు పేటల్లో ఒకేచోట ఉండేవి. వాళ్లు చదివే పత్రికలు వేరు, వినే రేడియోలు వేరు. ఎబొనీ లాంటి నల్లజాతి పత్రికల నిండా మెంథాల్ ప్రకటనలు నింపారు. అందులో ఉన్నదంతా నల్లజాతి నటులూ ఆటగాళ్లే. ఇతర ప్రకటనల్లో వాళ్ల ముఖాలు కనిపించడమే అరుదైన రోజులవి. ఆ గౌరవం దక్కిందన్న భావననే కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి.

1971 జనవరి 2 నుంచి టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. ఆ డబ్బు పేటల్లోని హోర్డింగుల మీదికి, షాపు గోడల మీదికి, జాజ్ కచేరీల మీదికి మళ్లింది. కూల్ పేరుతోనే జాజ్ ఉత్సవాలు జరిగాయి. నల్లజాతి సంఘాలకు, కాలేజీ నిధులకు కంపెనీలు విరాళాలు ఇచ్చాయి. అలా డబ్బు తీసుకున్న సంఘాలు సిగరెట్ మీద నోరెత్తడానికి చాలాకాలం వెనకాడాయి. ఆ సంఘాలను మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. మిగతా వ్యాపార ప్రపంచం వాళ్లకు తలుపులు మూసేసిన కాలం అది.

ఇక ఉచితంగా పంచడం. బోస్టన్‌లోని ఒక ప్రభుత్వ క్వార్టర్స్‌లో 1950ల చివర్లో పెరిగిన ఒక నల్లజాతి అమ్మాయి సంగతి కోర్టు రికార్డుల్లో ఉంది. ఆట స్థలం దగ్గర న్యూపోర్ట్ సిగరెట్లు ఉచితంగా ఇచ్చేవాళ్లు. ఆ పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్లు. మొదట్లో వాటిని పెద్ద పిల్లలకిచ్చి మిఠాయిలు తీసుకునేది. పదమూడేళ్లకు తనే కాల్చడం మొదలుపెట్టింది. మానడానికి చాలాసార్లు ప్రయత్నించింది. 54 ఏళ్లకు, 2002లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయింది. చనిపోయేముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలంతో కొడుకు కేసు నడిపాడు. 2010లో జ్యూరీ కంపెనీదే తప్పంది. 2013లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా నష్టపరిహారం కట్టాల్సిందేనని చెప్పింది.

1998లో 46 రాష్ట్రాలతో కంపెనీలు రాజీ ఒప్పందం చేసుకున్నాయి. ఆ కాలపు కేసుల వల్లే కంపెనీల లోపలి కాగితాలు లక్షల సంఖ్యలో బయటికొచ్చాయి. ఏ పేటలో ఎవరికి ఏ బ్రాండ్ అమ్మాలో వాళ్లు రాసుకున్న ప్రణాళికలు ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు. కాబట్టి ఇది అనుమానం మీద చెప్పే మాట కాదు.

జనం ఎప్పుడూ ఎదురు తిరగలేదా?

తిరిగారు, గెలిచారు కూడా. 1990లో ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ అప్‌టౌన్ అనే మెంథాల్ సిగరెట్‌ను నల్లజాతీయుల కోసమే అని బాహాటంగా చెప్పి, ఫిలడెల్ఫియాలో అమ్మి చూడాలనుకుంది. అక్కడి చర్చిలు, ఆరోగ్య సంఘాలు, పేటల్లోని పెద్దలు ఏకమయ్యారు. అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి లూయిస్ సలివాన్ స్వయంగా నల్లజాతి డాక్టర్. ఆయన ఫిలడెల్ఫియాకు వెళ్లి కంపెనీని బహిరంగంగా తప్పుపట్టారు. ఆ జనవరిలోనే, ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకముందే, కంపెనీ వెనక్కి తగ్గింది.

మరి మెంథాల్‌ను ఎందుకు నిషేధించలేదు?

2009లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం సిగరెట్లలో చాక్లెట్, స్ట్రాబెర్రీ లాంటి ఫ్లేవర్లన్నిటినీ నిషేధించింది, మెంథాల్‌ను మాత్రం మినహాయించింది. 2022లో అక్కడి ఆహార, ఔషధ, పొగాకు ఉత్పత్తుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిషేధానికి ప్రతిపాదన తెచ్చింది. నెలలు గడిచాయి, ఏళ్లు గడిచాయి. 2025 జనవరిలో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఈలోగా కెనడా 2017లో, యూరోపియన్ యూనియన్ 2020లో నిషేధించేశాయి. అమెరికాలో మసాచుసెట్స్ 2020లో, కాలిఫోర్నియా 2022 డిసెంబరులో తమ పరిధిలో అమ్మకాలు ఆపాయి.

నిషేధాన్ని వ్యతిరేకించినవాళ్లలో నల్లజాతి నాయకులు కూడా కొందరున్నారు. వాళ్ల భయం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2014లో న్యూయార్క్‌లో విడి సిగరెట్లు అమ్ముతున్నాడన్న అనుమానంతో పోలీసులు పట్టుకున్నప్పుడే ఎరిక్ గార్నర్ అనే నల్లజాతి వ్యక్తి ప్రాణం పోయింది. ఇంకో నిషేధం వస్తే పోలీసుల చేతికి ఇంకో సాకు దొరుకుతుందని వాళ్లంటారు. తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్ల మీదే చర్యలుంటాయి, కాల్చేవాళ్ల మీద ఉండవని ఎఫ్‌డీఏ చెప్పింది. నాకు మాత్రం నిషేధమే న్యాయమనిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆ మినహాయింపు కొనసాగడానికి నల్లజాతి కుటుంబాలు చెల్లించిన మూల్యం చాలా ఎక్కువ.

నల్లజాతి పిల్లలు చిన్నప్పుడే మొదలుపెడతారంటారు, నిజమేనా?

కాదు. 1970ల చివర్లో హైస్కూలు ఆఖరి తరగతి నల్లజాతి పిల్లల్లో రోజూ కాల్చేవాళ్లు ఇంచుమించు నాలుగో వంతు. 1990ల మొదటికి అది అయిదు శాతానికి దగ్గరగా పడిపోయింది. ఆ కాలంలో తెల్ల పిల్లల్లో అంత తగ్గుదల లేదు. అన్ని ప్రకటనల మధ్య, అంత పేదరికంలో ఇది జరిగింది. ఇళ్లలో, చర్చిల్లో పెద్దవాళ్ల కట్టడికి ఈ విజయంలో వాటా ఉందని చాలామంది పరిశోధకులు నమ్ముతారు. జాతి ముద్రలు వేసేవాళ్లు ఈ అంకెను ఎప్పుడూ ఎత్తరు.

ఇందులో జన్యువుల పాత్ర అసలే లేదా?

ఉంది, కానీ జనం అనుకునే చోట కాదు. కాలేయంలో సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్ నికోటిన్‌ను విరగ్గొడుతుంది. కొందరిలో అది చురుగ్గా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. మందకొడిగా ఉన్నవాళ్లలో నికోటిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి వెంటనే ఇంకోటి కాల్చాలనిపించదు. చైనా, జపాన్, కొరియా మూలాలున్నవాళ్లలో ఇలాంటి మందకొడి రకాలు ఎక్కువ. వాళ్లు ఒక్కో సిగరెట్ నుంచి తీసుకునే నికోటిన్ తక్కువని చైనా సంతతి అమెరికన్ల మీద 2002లో వచ్చిన అధ్యయనం చూపింది.

అయితే ఈ ఎంజైమ్ రోజుకు ఎన్ని కాలుస్తారన్నదాన్ని కాస్త అటూ ఇటూ చేయగలదు గానీ, ఎవరు మొదలుపెడతారన్నదాన్ని తేల్చదు. కొరియాలో, చైనాలో మగవాళ్ల అలవాటు చాలా ఎక్కువ, ఆడవాళ్లది చాలా తక్కువ. అన్నకీ చెల్లెలికీ జన్యువులు వచ్చింది ఒకే తల్లిదండ్రుల నుంచి. తేడా తెచ్చింది సంఘం పెట్టిన కట్టుబాటు.

ఈ ఎంజైమ్ సమాచారం అసలు అక్కరకొచ్చేది చికిత్సలో. నికోటిన్ త్వరగా ఖర్చయ్యేవాళ్లకు నికోటిన్ ప్యాచ్ కన్నా, సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే వారెనిక్లిన్ మాత్ర బాగా పనిచేస్తుందని 2015లో తేలింది. దాన్ని రక్తపరీక్ష చేసి తెలుసుకోవాలి, మనిషి రంగు చూసి కాదు.

నేటివ్ అమెరికన్లలో ఎందుకు అంత ఎక్కువ? పొగాకు వాళ్ల ఆచారం కాబట్టేనా?

చాలా తెగలకు పొగాకు పవిత్రం. ప్రార్థనలో నేలకు, నీటికి, నిప్పుకు సమర్పిస్తారు. పెద్దల దగ్గరికి ఏదైనా అడగడానికి వెళ్లినప్పుడు చేతిలో పెడతారు. చాలా సందర్భాల్లో దాన్ని అసలు కాల్చరు, కాల్చినా ఊపిరితిత్తుల్లోకి లాగరు. ప్యాకెట్‌లో అమ్మే సిగరెట్ వేరు, ఇది వేరు అని తెగల పెద్దలు గట్టిగా చెబుతారు. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం వాళ్ల మత ఆచారాల మీదే ఆంక్షలు పెట్టింది. ఆ ఆచారాలకు చట్టపరమైన రక్షణ వచ్చింది 1978లో. ఆచారానికి అడ్డంకులు, షాపులో సిగరెట్‌కు మాత్రం లేవు: పొగాకు రూపం మారిపోవడంలో దీనికి పెద్ద పాత్ర ఉంది.

ఆచారమే కారణమైతే అన్ని తెగల్లోనూ అలవాటు ఒకేలా ఉండాలి. ఉత్తర మైదానాల తెగల్లో దాదాపు సగం మంది కాలుస్తుంటే, అరిజోనా, న్యూమెక్సికో వైపు తెగల్లో అందులో సగం కూడా ఉండరని పాత సర్వేల్లో తేలింది. రిజర్వేషన్ భూముల్లో, అంటే తెగలకు కేటాయించిన ప్రాంతాల్లో, తెగ సభ్యులకు రాష్ట్ర పన్నులు వర్తించవు కాబట్టి సిగరెట్ చవక. పేదరికం, నిరుద్యోగం, దూరాభారపు ఆస్పత్రులు దానికి తోడు. నేటివ్ మనిషి బొమ్మ వేసుకుని అమ్ముడయ్యే నేచురల్ అమెరికన్ స్పిరిట్ బ్రాండ్ ఏ తెగదీ కాదు, రెనాల్డ్స్ అమెరికన్‌ది. ఇది చాలామందికి తెలియదు.

నవాహో తెగ స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్ 2021 నవంబరులో సొంత చట్టం చేసుకుని ఆఫీసులు, హోటళ్లే కాదు, కాసినోల్లో కూడా వ్యాపార పొగాకును ఆపేసింది. ప్రార్థనకు వాడే పొగాకును ముట్టుకోలేదు. కాసినోలే పెద్ద ఆదాయమైనచోట ఇలాంటి నిర్ణయం తీసుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

ఆసియావాళ్లు తక్కువ కాలుస్తారు కదా, అంటే మన ఇండియన్లు సేఫ్ అనుకోవచ్చా?

"ఆసియా" అన్న ఒక్క గడిలో ఎంతమందిని కుక్కారో చూడాలి. 2010-13 మధ్య జరిగిన జాతీయ సర్వేలో గత నెలలో సిగరెట్ కాల్చినవాళ్లు భారత సంతతిలో 7.6 శాతం, చైనా సంతతిలోనూ 7.6, జపాన్ 10.2, ఫిలిప్పీన్స్ 12.6, వియత్నాం 16.3, కొరియా 20 శాతం. హిస్పానిక్ గడిలోనూ అంతే: మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చినవాళ్లు 15.6 శాతమైతే ప్యూర్టోరికన్లు 28.5 శాతం. సగటు చూసి నిధులు కేటాయిస్తే కొరియా, వియత్నాం మగవాళ్లు లెక్కలోంచి జారిపోతారు.

మనవాళ్ల అంకె తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం అక్కడికి ఎవరు వెళ్లారన్నదే. వీసా వచ్చేది ఎక్కువగా బాగా చదువుకున్నవాళ్లకు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు. చదువుకూ సిగరెట్‌కూ ఉన్న సంబంధం పైన చూశాం. ఇంగ్లండ్‌లో 2004 సర్వే చూడండి: భారత సంతతి మగవాళ్లలో 20 శాతం, బంగ్లాదేశ్ మగవాళ్లలో 40 శాతం. ఇద్దరూ ఒకే ఉపఖండం నుంచి వచ్చినవాళ్లే, వలస వెళ్లిన తీరూ దొరికిన పనులూ వేరు. ఇక సిగరెట్ ఒక్కటే అడిగే సర్వేల్లో గుట్కా, జర్దా, హుక్కా కనిపించవు. మనవాళ్ల పొగాకు ఆ సందుల్లో దాక్కుంటుంది.

అమెరికా వెళ్లాక అలవాటు పెరుగుతుందా, తగ్గుతుందా?

మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరుగా జరుగుతుంది. ఆసియా నుంచి వెళ్లిన మగవాళ్లలో అక్కడ గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ అలవాటు తగ్గుతుంది. ఆఫీసులో, రెస్టారెంట్లో, అపార్ట్‌మెంట్లో కాల్చనివ్వరు, ధర ఎక్కువ, చుట్టూ కాల్చేవాళ్లు తక్కువ. ఆడవాళ్లలో, ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన అమ్మాయిల్లో, తల్లులకన్నా ఎక్కువ. హిస్పానిక్ కుటుంబాల్లోనూ ఆడవాళ్ల విషయంలో ఇదే కనపడుతుంది. "మన ఇళ్లలో ఆడపిల్లలు అలాంటివి ముట్టుకోరు" అనే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. తెలిసినప్పుడు తిట్టి దాచుకునేలా చేస్తే, మానడానికి సాయం అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

మన తెలుగు ప్రాంతాల్లో ఇలాంటి తేడాలు లేవా?

ఎందుకు లేవు! ఉత్తరాంధ్ర తీరంలో, శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, అడ్డపొగ తాగడం ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పొగ లాగుతారు. బయటికి చుట్ట మొదలే కనిపిస్తుంది. నిప్పు అంగిలికి దాదాపు తగులుతూ ఉంటుంది. తాగేది ఎక్కువగా ఆడవాళ్లు. నాట్లు వేస్తూ, చేపలు ఎండబెడుతూ, అంట్లు తోముతూ గంటల తరబడి నోట్లో అలాగే ఉంచుకోగలరు. చుట్ట ఎక్కువసేపు వస్తుంది, గాలికి ఆరదు. ఏళ్లు గడిచేసరికి అంగిలి తెల్లబడి మందమెక్కుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ అందుకే అక్కడ ఎక్కువగా కనపడింది. పదివేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే ప్రచురితమైంది.

దేశం మొత్తం మీద పొగతాగే ఆడవాళ్లు 2016-17 జాతీయ సర్వే ప్రకారం 2 శాతమే. అదే దేశంలో, ఒక మూల తీరంలో, అమ్మమ్మల చేతిలో చుట్ట. ఈ అలవాటే ఫిలిప్పీన్స్‌లో, కరీబియన్ దీవుల్లో, ఇటలీకి చెందిన సార్డీనియాలో కూడా నమోదైంది. ఆ నాలుగు చోట్ల మనుషులకూ రక్తసంబంధం ఏముంది?

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిందేమైనా ఉందా?

2019 డిసెంబరు నుంచి 21 ఏళ్లు నిండనివాళ్లకు సిగరెట్, వేప్ (ఈ-సిగరెట్), ఏ పొగాకు ఉత్పత్తీ అమ్మకూడదు. ఈ-సిగరెట్‌ను ఇండియా 2019లోనే నిషేధించింది, సెలవులకు వచ్చేటప్పుడు బ్యాగులో తెస్తే చిక్కే. సొంతంగా కొనుక్కునే హెల్త్ ఇన్సూరెన్స్‌లో పొగాకు వాడేవాళ్ల దగ్గర ప్రీమియం ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేయొచ్చు, కొన్ని రాష్ట్రాలు దీన్ని ఒప్పుకోవు. బీడీ సహజమైనది, సిగరెట్ కన్నా నయం అన్న మాట నమ్మొద్దు. 2014లో ఎఫ్‌డీఏ తన అధికారంతో తొలిసారి అమ్మకం ఆపించిన పొగాకు ఉత్పత్తులు బీడీలే.

పరీక్షల టెన్షన్, ఒంటరితనం, పార్ట్‌టైమ్ పనిలో దొరికే స్మోక్ బ్రేక్: మొదలుపెట్టేది సాధారణంగా ఇక్కడే. గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడి పనిచేసే మన కుర్రాళ్లు ఎందరో. వాళ్ల వెనక అల్మారా నిండా అవే ప్యాకెట్లు.

మానాలనుకుంటే ఎవరిని అడగాలి?

ఇండియాలో ప్రభుత్వ ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356. 2016లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం చేరాక తెలుగులో కూడా మాట్లాడుతున్నారు. అమెరికాలో 1-800-QUIT-NOW అన్న నంబరు మీ రాష్ట్ర క్విట్‌లైన్‌కు కలుపుతుంది. అంకెల్లో నొక్కాలంటే 1-800-784-8669. చైనీస్, కొరియన్, వియత్నామీస్ మాట్లాడేవాళ్లకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో నుంచి వేరే క్విట్‌లైన్ ఏర్పాటైంది, 2012లో దాన్ని దేశమంతటికీ విస్తరించారు. తెలుగుకు అలాంటిది లేదు. అమెరికాలో తెలుగు సంఘాలకు ఇంతమంది డాక్టర్లున్నారు, ఇన్ని సభలు జరుగుతాయి. తెలుగులో ఒక కౌన్సెలింగ్ లైన్ నడపడం వాళ్లకు అసాధ్యమేమీ కాదు, ఎవరో ఒకరు పూనుకోవాలి.

ఫోన్ చేసినప్పుడు రోజుకు ఎన్ని అన్నదే కాకుండా, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నారో, అది మెంథాల్ అవునో కాదో, గుట్కా, హుక్కా, వేప్ కూడా ఉన్నాయో లేదో చెప్పండి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది దాని మీద ఆధారపడుతుంది. ఒకసారి మానలేకపోయినంత మాత్రాన మందు పనిచేయదని కాదు. మళ్లీ అదే నంబరుకు చేయొచ్చు, ఎన్నిసార్లయినా డబ్బు తీసుకోరు.